ట్రాక్ డేకి కారు రెడీ చేయిస్తున్నారా? బిల్లు కాదు, బ్లీడ్ నిపుల్ చూడండి

ట్రాక్ డే అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు. నాది మొదటి సెషన్, నాలుగో ల్యాప్. పొడవాటి స్ట్రెయిట్ చివర గంటకు 180 కి.మీ. వేగంలో బ్రేక్ మీద కాలు వేశాను. పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. తడి స్పాంజిని తొక్కినట్టు మెత్తగా దిగిపోయి ఫ్లోర్ మ్యాట్‌కి తగిలింది. నోట్లో తడి ఆరిపోయింది. గబగబా పంప్ చేస్తే మూడో తొక్కుకి కాస్త పట్టు దొరికింది, ఈలోగా గేర్లు కూడా దించేశాను, కానీ మలుపు దాటిపోయింది. కారు గులకరాళ్లలోకి దూసుకుపోయి, టైర్ల గోడకి రెండు కారు పొడవుల దూరంలో ఆగింది. నాకేమీ కాలేదు. ముందు బంపర్ కింది అంచు పగిలింది, రేడియేటర్ ముందు గుప్పెడు రాళ్లు ఇరుక్కున్నాయి. అంతటితో పోయింది.

ఆ కారు అంతకు వారం ముందే ఒక ట్యూనింగ్ షాపు నుంచి "ట్రాక్ డే ప్యాకేజీ" చేయించుకుని వచ్చింది. షాపు పేరు రాయను, అడగకండి. ఇలాంటి పని చేసేది ఆ ఒక్క షాపే అని నేను అనుకోవడం లేదు. ఎక్కడ ఎలా మోసపోయానో తెలిస్తే మీరు ఏ షాపుకి వెళ్లినా పనికొస్తుంది.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న టయోటా 86. రెండు లీటర్ల బాక్సర్ ఇంజిన్, 200 హార్స్ పవర్, నన్ను కలుపుకుని దాదాపు 1,300 కిలోలు. రోజూ ఆఫీసుకి వెళ్లే కారే. షాపులో మొదట నా ముందు పెట్టినవి ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), గాలి పీల్చే ఇన్‌టేక్, పెద్ద సైలెన్సర్. టర్బో లేని ఇంజిన్‌కి వీటితో వచ్చే బలం వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, ఆ సంగతి నాకు తెలుసు కూడా. తెలిసే ఒప్పుకున్నాను, ఆ శబ్దానికి పడిపోయాను. బిల్లులో సగం వాటికే అయింది. ఆ తప్పు పూర్తిగా నాదే, షాపు మీదకి నెట్టను. మిగతా సగంలో ఉన్నవి: రేస్ బ్రేక్ ఆయిల్‌తో ఫుల్ ఫ్లష్ (పాతదంతా తోసేసి కొత్తది నింపడం), ట్రాక్ ప్యాడ్లు, రంధ్రాల డిస్కులు, వీల్ అలైన్‌మెంట్. పైగా "మా తరఫున ఫ్రీ" అంటూ నాలుగు చక్రాలకీ 20 మి.మీ. స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరపడానికి దాని వెనక పెట్టే బిళ్లలు.

ఇప్పుడు అసలు సంగతి. గులకరాళ్లలోంచి బయటపడి పిట్‌లోకి వచ్చాక పక్క బేలో ఉన్న ఒకాయన కారు వాసన చూసి లేచి వచ్చారు. ఇరవై ఏళ్ల నుంచి ట్రాక్ మీద తిరుగుతున్న మనిషి. "బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అన్నారు. పోయిన వారమే, రేస్ ఆయిల్ అని గర్వంగా చెప్పి బానెట్ ఎత్తాను. బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా, అదే రిజర్వాయర్‌లో ఆయిల్ తేనె కలిపిన నీళ్లలా తేటగా మెరుస్తోంది. ఆయన అటు చూడను కూడా చూడలేదు. బ్రేకులు చల్లారనిచ్చి, ముందు చక్రం విప్పించి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ మీద పాత ఆయిల్ వదలడానికి ఉండే బ్లీడ్ నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబ్ తగిలించి, రెండో కొస ఖాళీ నీళ్ల సీసాలో పెట్టి, నన్ను పెడల్ తొక్కమన్నారు.

ట్యూబ్‌లోకి వచ్చింది డికాషన్. నల్లటి గోధుమ రంగు, మధ్య మధ్య గాలి బుడగలు, అడుగున మడ్డి. ఆరేడు తొక్కులు తొక్కినా రంగు మారలేదు. పైన పటారం, లోన లొటారం అనే మాట ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

ఏం చేశారంటే, రిజర్వాయర్‌లోని పాత ఆయిల్‌ని సిరంజితో లాగేసి కొత్తది నింపారు. ఐదు నిమిషాల పని. ఇంజిన్ ఆయిల్ అయితే పంప్ తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఎక్కడ పోసినా అంతా కలుస్తుంది. బ్రేక్ ఆయిల్ తిరగదు. పెడల్ నొక్కితే ఒత్తిడిని మోస్తుంది, వదిలితే ఉన్న చోటే ఉంటుంది. అందుకే నిపుల్ తెరిచి పాతదాన్ని బయటికి తోస్తే తప్ప, క్యాలిపర్ దగ్గర ఉన్నది ఏళ్లు గడిచినా అక్కడే ఉండిపోతుంది. నిప్పులాంటి డిస్కు పక్కన ఉండే ఆయిల్ అదే. రిజర్వాయర్ దగ్గర తేట ఆయిల్ ఉంటే ఏంటి, తేనె ఉంటే ఏంటి?

బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మంచి రేస్ ఆయిల్ అయితే కొత్తలో 300 దాటుతుంది. రోడ్డు మీద 155 కూడా చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. ట్రాక్ మీద లెక్క వేరు. 1,300 కిలోల కారుని 180 నుంచి 80కి దించాలంటే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 13 లక్షల జౌళ్లు. దాదాపు నాలుగు లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా తేవడానికి అది సరిపోతుంది. గాలి, ఇంజిన్ కొంత లాగినా మిగతాదంతా మూడు నాలుగు సెకన్లలో బ్రేకులే మింగాలి. ప్రతి ల్యాప్‌లో, చాలాసార్లు. ఆయిల్‌లోని నీరు ఆవిరైతే బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మీరు తొక్కేది బ్రేక్‌ని కాదు, ఆ బుడగల్ని.

చక్రం ఎలాగూ విప్పాం కదా అని ప్యాడ్లు కూడా లాగి చూశాం. నాకు చూపించిన డబ్బా పేరున్న ట్రాక్ ప్యాడ్లది, ఆ డబ్బా ఇంకా నా డిక్కీలోనే ఉంది. కారులో ఉన్న ప్యాడ్ వెనక ప్లేటు మీద వేరే కంపెనీ నంబరు. పక్క అంచున చిన్న అక్షరాల్లో ఎఫ్ఈ అని అచ్చు. చాలా ప్యాడ్ల అంచున ఇలా రెండక్షరాల కోడ్ ఉంటుంది: మొదటిది మామూలు వేడిలో రాపిడి ఎంతో, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఎఫ్ అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45, ఈ అంటే 0.25 నుంచి 0.35. అంటే నా కారుకి వేసినవి వేడెక్కే కొద్దీ పట్టు తగ్గే రోడ్డు ప్యాడ్లు. అప్పటికే అంచులు బూడిదలా తెల్లబడి పొడి రాలుతోంది. అసలైన రేస్ ప్యాడ్ల మీద ఈ కోడ్ చాలాసార్లు ఉండదు, కాబట్టి కోడ్ లేనంత మాత్రాన అనుమానపడొద్దు. డబ్బా మీది పార్ట్ నంబరూ ప్యాడ్ మీది నంబరూ కలవకపోతే మాత్రం పడాల్సిందే.

ఈ రెండింటికీ తేడా కాలికి తెలుస్తుంది. పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే ఆయిల్ మరిగింది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు చేతులెత్తేశాయి. నాకు మొదటిది ముందొచ్చింది. ఇంకో రెండు ల్యాప్‌లు తిరిగి ఉంటే రెండోది కూడా చూసేవాణ్ణేమో.

అలైన్‌మెంట్ కథ ఇంకా వింత. నాకిచ్చిన కాగితంలో ముందు క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, రెండు వైపులా మైనస్ 2.5 డిగ్రీలు అని ఉంది. చూడ్డానికి బ్రహ్మాండమైన అంకె. కానీ ఈ కారుకి ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం. క్యాంబర్ బోల్టులో, పైన సర్దుకునే ప్లేట్లో వేయకుండా ఫ్యాక్టరీ సామానుతో అంత వాలు రాదు. నా కారుకి రెండూ లేవు. ఇంటికొచ్చి కాగితం మళ్లీ చూస్తే, కిలోమీటర్ల గడిలో ఉన్న అంకె నా మీటర్ కంటే ఎక్కువ. ఎవరిదో కారు కాగితం నా చేతిలో పెట్టారు! అసలు వాలు చాలక ఒక్క సెషన్‌కే ముందు టైర్ల బయటి భుజం ఎలుక కొరికినట్టు అయిపోయింది.

స్పేసర్ల సంగతి రాయాలంటే ఇప్పటికీ టెన్షన్ వస్తోంది. చక్రం విప్పుతుంటే నట్టు ఐదు చుట్లకే ఊడి చేతిలోకి వచ్చింది. స్టడ్ (నట్టు ఎక్కే మరబోల్టు) మందం 12 మి.మీ. అయితే నట్టు కనీసం అంత లోతైనా మరలో దిగాలి. ఈ కారు మరకి అది పది చుట్లకి కొంచెం తక్కువ. స్పేసర్ పెట్టి పొడవాటి స్టడ్లు వేయలేదు, ఉన్నవాటి కొస మీదే చక్రాన్ని వేలాడదీశారు. ఫ్రీ అన్నది ఇందుకే కాబోలు. అక్కడికక్కడే తీసి పారేశాను. రంధ్రాల డిస్కులకి అప్పుడే రంధ్రాల చుట్టూ వెంట్రుక వాసి పగుళ్లు మొదలయ్యాయి. ట్రాక్‌కి సాదా డిస్కులే నయం.

షాపుకి ఫోన్ చేస్తే మొదటి మాట, "మీరు బ్రేకులు ఎక్కువ వాడారు సార్." రెండో మాట, ట్రాక్ మీద వాడితే వారంటీ ఉండదని. ట్రాక్ డే ప్యాకేజీ అని వాళ్ల బిల్లు మీదే రాసి ఉందండీ అంటే అవతల కాసేపు మాట లేదు. ఫోటోలు, ట్యూబ్ వీడియో, ప్యాడ్ అంచు, మీటర్ రీడింగ్ అన్నీ పంపాక ప్యాడ్ల డబ్బులు మాత్రం వెనక్కి ఇచ్చారు. మిగతాది "ఉచితంగా మళ్లీ చేసిస్తాం" అన్నారు. ఆ చేతులకి మళ్లీ నా బ్రేకులు అప్పగిస్తానా?

కాబట్టి మీరు చేయించుకునేటప్పుడు, బ్లీడింగ్, అంటే నిపుల్ తెరిచి పాత ఆయిల్ తోసేయడం, పక్కన నిలబడి చూడండి. చూడనివ్వం అంటే కారు తీసుకుని వచ్చేయండి. ఆయిల్ సీసా సీలు మీ ముందే తీయాలి. నాలుగు చక్రాలకీ పాతదంతా వెళ్లిపోవాలంటే సుమారు ఒక లీటరు పడుతుంది. ఖాళీ సీసాలు, తీసిన పాత ఆయిల్, పాత ప్యాడ్లు మీకే ఇవ్వమనండి. ప్యాడ్లు ఎక్కించక ముందే అంచుల ఫోటో తీసుకోండి. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో రాసిన అంకెకి బిగించారో లేదో చూడండి, మొదటి సెషన్ తర్వాత చక్రాలు చల్లారాక మీరే ఇంకోసారి చూసుకోండి. కొత్త ప్యాడ్లయితే ట్రాక్‌కి ముందే బెడ్డింగ్ చేయాలి, అంటే పదేపదే బ్రేకు వేసి వాటిని డిస్కుకి కుదురుకునేలా చేయాలి. సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు ముట్టకుండా మెల్లగా తిరగండి. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, గేర్‌లో పెట్టి చక్రానికి అడ్డు వేయండి.

ఇంకొకటి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో ట్రాక్ గురించి ఏం రాసి ఉందో చదవండి. చాలా పాలసీలు ట్రాక్ మీద జరిగినదానికి ఇవ్వవు. నా బంపర్ డబ్బులు నా జేబులోంచే పోయాయి.

తర్వాత వేరే గ్యారేజీకి వెళ్లాను. రీమ్యాప్ ఊసు లేదు, స్టిక్కర్లు లేవు, గోడ మీద కప్పులు లేవు. ఆయిల్ మార్చేటప్పుడు పక్కన నిలబడొచ్చా అని కాస్త మొహమాటంగానే అడిగాను. మెకానిక్ తలెత్తకుండా ట్యూబ్ కొస నా చేతికిచ్చి, "సీసా మీరే పట్టుకోండి, రంగు మారగానే చెప్పండి" అన్నాడు.