ఎట్టా జేమ్స్ కాదు, ఎట్టా జోన్స్

పర్లాకిమిడిలో పిల్లలకు మృదంగం నేర్పుతాను. బరంపురంలో చదువుకుంటున్న నా శిష్యుడొకడు దసరాకి వచ్చినప్పుడు ఫోన్ చేతికిచ్చి, "మాస్టారూ, ఎట్టా జేమ్స్ కోసం వెతికితే ఈవిడ తగిలింది. తాళం వేస్తూ వినండి" అన్నాడు. ఈవిడ ఎట్టా జోన్స్, అమెరికా జాజ్ గాయని. ఆల్బమ్ 'డోంట్ గో టు స్ట్రేంజర్స్', 1960. పేరు మోసిన గాయని ఆ జేమ్స్ గారి ఆల్బమ్ 'ఎట్ లాస్ట్' వచ్చిందీ ఆ ఏడాదే. పేర్లు దగ్గరగా ఉన్న పాపానికి ఇంత మంచి గాయని మరుగున పడిపోవడం నాకు నిజంగా బాధ.

రెండో పాట, ఆల్బమ్ పేరున్నదే, పెట్టి తాళం వేశాను. కాసేపటికే చెయ్యి ఆగిపోయింది. దెబ్బ పడిన చోట మాట రాదు. కొంచెం ఆగి వస్తుంది. నేనే తప్పానేమో అని మళ్లీ మొదట్నుంచి వేశాను. తప్పలేదు. మన కీర్తనల్లో సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దాటాక ఎత్తుకునేవి బోలెడున్నాయి, కానీ ఆ ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, ఖాయంగా ఉంటుంది. ఈవిడకు పంక్తి పంక్తికీ మారుతుంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పినట్టు ఉంటుంది. పాటలో సంగతీ అదే: నీ ఇష్టం, తిరుగు, నిప్పుతో ఆడుకో, చెయ్యి కాలినప్పుడు మాత్రం పరాయివాళ్ల దగ్గరికి పోకు, నా దగ్గరికి రా. ఎక్కడా ఏడవదు. అందుకే గుండె పట్టేస్తుంది.

రికార్డింగ్ జూన్ 21న, న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో. డ్రమ్స్ రాయ్ హేన్స్. ఆయన్ని వినడానికే ఇంకో నాలుగుసార్లు పెట్టుకున్నాను. గాయని ఎంత వెనక నడిచినా ఆయన ఆమెను తొందరపెట్టడు, తను ఆగడు. పక్కవాద్యం వాయించేవాళ్లకి అది ఎంత కష్టమో తెలుసు. ఫ్రాంక్ వెస్ ఫ్లూటూ, టెనర్ శాక్సాఫోనూ రెండూ వాయించాడు.

ఇదే ఆల్బమ్‌లోని 'ఫైన్ అండ్ మెలో' గాయని బిల్లీ హాలిడే పాట, అచ్చం బ్లూస్. ఒక మాట రెండుసార్లు అని, మూడో పంక్తిలో దానికి జవాబు చెప్పడం బ్లూస్ పద్ధతి. రెండోసారి అనేటప్పుడు ఎట్టా చివరి మాటను ఎలా విరుస్తుందో వినండి. 'ఐ లవ్ పారిస్' మాత్రం నాకు ఎక్కలేదు.

ఆల్బమ్ పేరున్న ఆ పాట అప్పట్లో అమెరికా పాప్ చార్టులో 36వ స్థానం దాకా వెళ్లింది. ఆల్బమ్ గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కింది 2008లో. ఆవిడ 2001లోనే పోయారు.

ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొన్న క్లాసులో పెద్ద పిల్లలకు వినిపించి ఆది తాళం వెయ్యమన్నాను. ఒక పాప మధ్యలో ఆపేసి, "ఈవిడ లేటుగా వస్తోంది మాస్టారూ" అంది.

"వస్తోంది కదమ్మా, నువ్వు వెయ్యి" అన్నాను.