పాలమూరు నల్ల గొంగడి: ముసురులోనూ పొడి చలిలోనూ వాడి చూసిన తర్వాత

కార్తీకంలో మొదలై, సంక్రాంతికి ముదిరి, శివరాత్రికి ‘శివ శివా’ అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చలికి కట్టిన లెక్క దక్షిణ తెలంగాణలో ఈ మధ్య తరచుగా తప్పుతోంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా నల్లగొండ వైపు రాత్రి చలి కంటే పగటి చలే ఎక్కువ బాధపెట్టింది. ముసురు పట్టి, ఎండ ముఖం కనిపించక, మధ్యాహ్నం కూడా స్వెట్టరు విప్పలేని పరిస్థితి ఏర్పడింది. 2025లో కార్తీకం వచ్చిన వారానికే, అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటగా, మరునాడు దేవరకొండ, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో వానాకాలాన్ని మించిన వాన కురిసింది. ఇక 2023 ఫిబ్రవరిలో దేశం మొత్తం మీద సగటు పగటి ఉష్ణోగ్రత 1901 తర్వాత ఏ ఫిబ్రవరిలోనూ లేనంతగా పెరిగి, కప్పుకునే బట్టలను శివరాత్రి దాకా ఉంచకుండానే అటక ఎక్కించాల్సి వచ్చింది. తడి, చలి, వేడి ఇలా వరస తప్పి వస్తున్న కాలంలో కప్పుకోవడానికి ఏది నిజంగా పనికొస్తుందన్న ప్రశ్నతోనే నేను ఈ గొంగడిని కొని, వాడి, ఈ సమీక్ష రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది నారాయణపేట వైపు ఒక ఊరిలో కురుమ కుటుంబం గుంట మగ్గం మీద నేసిన నల్ల గొంగడి. రంగు అద్దినది కాదు, గొర్రె ఒంటి మీద ఉన్న నలుపే. అంచుల్లో మాత్రం తెల్ల ఉన్ని చారలు ఉన్నాయి. ఒక మనిషి తల నుంచి పాదాల దాకా కప్పుకొని, ఇంకా పక్కలకు దోపుకునేంత కొలత ఉంది. ధర నాలుగు వేలకు కొంచెం తక్కువ పడింది. బజారులో మెత్తటి పాలిస్టరు మింక్ రగ్గు ఇందులో సగం కంటే తక్కువకే దొరుకుతున్నప్పుడు ఈ ధర ఎక్కువనిపించడం సహజమే కానీ, నేత చూసిన వారికి బేరమాడాలని అనిపించదు. దక్కనీ గొర్రెల ఉన్నిని ఏడాదిలో రెండుసార్లు కత్తెరతో తీస్తారు. దాన్ని శుభ్రం చేసి, విల్లుతో ఏకి, ఆడవాళ్ళు రాట్నం మీద వడుకుతారు. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులకు, చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెట్టి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు. వడికే చేతులు చాలావరకు ముసలి చేతులే కావడం, ఆ ఇంటి పిల్లలు హైదరాబాదులో వేరే పనుల్లో ఉండడం నేను గమనించాను.

ముందుగా పొడి చలి సంగతి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్న రాతి నేల. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలిలో తేమ తగ్గి, ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో పొడి గాలి వీచిన రాత్రి ఈ నేల పగలు దాచుకున్న వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది; తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి సూర్యోదయం దాకా చలి పరాకాష్ఠకు చేరుతుంది. మబ్బు పడితే అదే మబ్బు వేడిని కిందనే ఆపుతుంది కాబట్టి రాత్రి నులివెచ్చగా ఉండి పగలు చల్లబడుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గితే తప్ప వాతావరణ శాఖ సాధారణంగా దాన్ని శీతల గాలుల పరిస్థితిగా ప్రకటించదు. ఆ లెక్కకు అందని చలి రాత్రులే మన వైపు ఎక్కువ. కానీ యాసంగి నారుమడికి నీళ్ళు కట్టడానికి తెల్లవారుజామున మోటారు దగ్గరికి వెళ్ళే రైతుకు 13 డిగ్రీలైనా చలి చలే. ఆ రోజుల్లో నారు కూడా ఎర్రబడి, ఎదుగుదల ఆగిపోతుంది. రాత్రి పూట మడి మీద పట్టా కప్పి పొద్దున తీయమని వ్యవసాయాధికారులు చెప్పేది అందుకే.

ఇలాంటి రాత్రి ఆరుబయట మంచం మీద గొంగడి పనితనం స్పష్టంగా తెలుస్తుంది. కప్పుకున్న వెంటనే వెచ్చదనం రాదు. మొదటి పది నిమిషాలు నిరాశే. ఉన్ని పోగుల ముడతల్లో చిక్కుకున్న గాలి ఒంటి వేడికి నెమ్మదిగా వెచ్చబడి, ఆ తర్వాత తెల్లవార్లూ ఆ వెచ్చదనం నిలుస్తుంది. మింక్ రగ్గు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తిస్తుంది: తొలి క్షణంలోనే హాయిగా ఉంటుంది, అర్ధరాత్రి దాటాక లోపల చెమట పట్టి, రగ్గు కాస్త తొలగగానే ఆ చెమటే చల్లబడి నిద్ర చెడగొడుతుంది. పాలిస్టరు తేమను దాదాపు పీల్చుకోదు, దాని బరువులో ఒక శాతం కూడా పట్టదు. ఉన్ని మాత్రం తన బరువులో 30 శాతం దాకా తేమను పోగు లోపలికి తీసుకొని కూడా చేతికి తడిగా తగలదు. అమ్రాబాద్ గుట్టల మీద, చెట్ల నుంచి మంచు చుక్కలు రాలే చోట, ఈ తేడా నాకు మరింత బాగా తెలిసింది. పొద్దున లేచేసరికి గొంగడి పైపొర మీద మంచు ముత్యాల్లా నిలిచి, దులిపితే రాలిపోయింది.

ఈ గొంగడికి నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ముసురులోనే. వానాకాలపు వడ్లు కోసి కొనుగోలు కేంద్రానికి తెచ్చి, తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబోసి, రాశుల దగ్గరే రాత్రిళ్ళు కాపలా పడుకోవడం నల్లగొండ జిల్లా రైతులకు కొత్త కాదు. తుపాను మబ్బు పట్టిందంటే ఆరిన వడ్లు మళ్ళీ తేమ పడతాయి. పట్టాలు రాశుల మీదికి పోతాయి, మనిషికి పట్టా మిగలదు. ఒక ముసురు రాత్రి మా బాబాయి గారి వడ్ల రాశి దగ్గర నేను ఈ గొంగడితోనే ఉన్నాను. పాత కాలపు పశువుల కాపరులు చేసినట్లే మధ్యకు మడిచి, ఒక మూలను లోపలికి దోపి, కొప్పెరలా, అంటే ముసుగులా, తల మీద వేసుకున్నాను. సన్న జల్లు చాలాసేపు పైనుంచి జారిపోయింది. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు అందుకు కారణం. జల్లు వానగా మారిన తర్వాత మాత్రం నీరు లోపలికి దిగింది. వాన కోటు స్థానంలో గొంగడిని కొనుక్కోవాలని నేను ఎవరికీ చెప్పను. అయితే తడిసిన తర్వాత కూడా ఒంటికి చలి ఎక్కలేదన్నది ముఖ్యం. నీరు గాలి కంటే ఇరవై అయిదు రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే తడిసిన నూలు దుప్పటి అసలు దుప్పటి లేకపోవడం కంటే అన్యాయంగా ఉంటుంది. ఉన్ని తడిసినా పోగుల మధ్య గాలి కొంత మిగిలి ఉంటుంది కాబట్టి తెల్లవారేదాకా నెట్టుకు రాగలిగాను. కాకపోతే తడి గొంగడి బరువు భుజాలు గుర్తుపెట్టుకునే బరువు.

అక్కడే చలిమంట దగ్గర ఇంకొక సంగతి తేలింది. కంప పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వలు పక్కవారి పాలిస్టరు రగ్గుకు పడిన చోటల్లా కరిగి రంధ్రాలు చేశాయి. నా గొంగడి మీద పడినవి చిన్న నల్ల మచ్చగా మాడి ఆరిపోయాయి. ఉన్ని త్వరగా అంటుకోదు, అంటుకున్నా మంట తీసేస్తే ఆరిపోతుంది. మంటకు దగ్గరగా కూర్చునే అలవాటున్న ముసలివారికి ఈ ఒక్క కారణంతోనే నేను మింక్ రగ్గు కంటే గొంగడిని సూచిస్తాను.

మా బంధువులు వేర్వేరు ప్రాంతాల్లో ఉండడం వల్ల ఇదే గొంగడి అక్కడి చలినీ చూసింది. ఉట్నూరులో ఉన్న మా చెల్లెలు ఇంట్లో, కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగిన రాత్రి, ఒక్క పొర సరిపోలేదు. లోపల నూలు దుప్పటి, పైన గొంగడి వేసుకుంటేనే నిద్ర పట్టింది. ఆదిలాబాద్ వైపు చలి మన చలికి అన్న వంటిదని మా బావగారు అనేది సరదాకే అయినా, ఉత్తరాది పొడి గాలి ముందుగా తగిలేది వాళ్ళకే. ఢిల్లీలో చదువుకుంటున్న మేనల్లుడికి పంపితే, జనవరిలో పొగమంచు కమ్మి పగలంతా సూర్యుడు కనిపించని రోజుల్లో దూది రజాయి మీద గొంగడి పరచుకుంటే తప్ప లాభం లేదని, విడిగా అయితే చాలదని తేల్చి చెప్పాడు. బాపట్ల వైపు బంధువుల ఇంట్లో మాత్రం ఇది పూర్తిగా అనవసరమైన బరువు. సముద్రం దగ్గర రాత్రులు అంతగా చల్లబడవు, గాలిలో తేమ ఎక్కువ. తుపాను వచ్చినప్పుడు వాళ్ళకు కావలసింది కారని పైకప్పు, ఆరిన నూలు దుప్పటి. దీన్నిబట్టి చూస్తే ఈ గొంగడి దక్కను పీఠభూమి చలికి, అంటే పగలు ఎండ, రాత్రి వణుకు, మధ్యలో తుపాను తుంపర ఉండే చలికి సరిగ్గా అమరిన వస్తువు.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. ఇది గుచ్చుతుంది. మెడకు, చెంపలకు నేరుగా తగిలితే సున్నితమైన చర్మం వాళ్ళు పది నిమిషాలు కూడా భరించలేరు. లోపల పాత నూలు చీర పరచుకోవడమే దారి. పసిపిల్లలకు కప్పవద్దు. కొత్తలో గొర్రె వాసన వస్తుంది, తడిసినప్పుడు ఆ వాసన రెట్టింపవుతుంది, ఇల్లంతా తెలుస్తుంది. వెంట్రుకలు మొదటి చలికాలమంతా రాలుతూనే ఉంటాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అన్న సామెత ఊరికే పుట్టలేదని, దాని మీద కూర్చొని అటుకులు తినబోయిన మా ఇంటివాళ్ళందరూ ఒప్పుకున్నారు. బండి మీద పోయేటప్పుడు కప్పుకోవడం ప్రమాదం. కొసలు చక్రంలో పడతాయి. వాషింగ్ మిషనులో వేయకూడదు. ఉతకడం గురించి నేసిన పెద్దమ్మను అడిగితే, “నీళ్ళల్ల నానపెట్టకు బిడ్డా, గంజి పోతది, మెత్తగయి సాగుతది. ఎండకేసి కట్టెతోటి దులుపు, గంతే” అన్నది. మరక పడిన చోట తడిబట్టతో తుడవడం, అప్పుడప్పుడు ఎండకు ఆరవేయడం తప్ప నేను ఇంకేమీ చేయలేదు.

ఇంట్లో, తలుపులు మూసిన గదిలో పడుకునేవారికి పాత చీరలతో కుట్టిన బొంత చాలు. ఉతుక్కోవచ్చు, గుచ్చదు, ఖర్చు లేదు. రూమ్ హీటరు గురించి ఎక్కువ చెప్పను: మన ఇళ్ళకు, మన కరెంటు బిల్లులకు అది తగినది కాదని నా అభిప్రాయం. గొంగడి అవసరం బయట పడుకునేవారికి, బావి దగ్గరికి వేళగాని వేళ పోయేవారికి, గొర్రెల వెంట, వడ్ల వెంట, మార్కెట్ యార్డు వెంట తిరిగేవారికి ఉంటుంది. వాళ్ళ దృష్టితో అయితే దీనికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను. పట్నంలో మూడో అంతస్తులో ఉండేవారి దృష్టితో రెండున్నరకు మించి ఇవ్వలేను.

కొనేవారు నకిలీ విషయంలో జాగ్రత్త పడాలి. మా బావగారు ఒక ఆన్‌లైన్ అంగడిలో ‘చేనేత గొంగడి’ అన్న పేరుతో తెప్పించినది చూడడానికి నల్లగానే ఉంది, గుచ్చలేదు, తేలికగా ఉంది. అదే అనుమానానికి తావిచ్చింది. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చితే కరిగి గట్టి పూసలా అయింది. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. అంగడివాళ్ళు వస్తువు వెనక్కి తీసుకోలేదు.

అసలైనది దొరకడం కష్టమవుతున్నది కూడా. 2019 పశుగణనలో తెలంగాణ 1.9 కోట్లకు పైగా గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కానీ మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి వైపు కాపరులు మళ్ళడంతో నల్ల ఉన్ని దిగే దక్కనీ గొర్రెలు మందల్లో తగ్గిపోతున్నాయి. అందువల్ల చలి మొదలయ్యాక వెళ్ళి అడిగితే చేతిలో సరుకు ఉండకపోవచ్చు. ఉన్ని తీసే కాలం తెలుసుకొని, వానాకాలంలోనే మాట చెప్పి, కొంత బయానా ఇచ్చి, మనిషి ఎత్తు కొలత చెబితే నేసి ఉంచుతారు. ఎత్తుగా ఉన్నవారు పొడవు మరో జానెడు ఎక్కువ అడగడం మంచిది. చలికాలం వెళ్ళాక ఎండలో బాగా కాచి, మడతల మధ్య ఎండిన వేపాకు వేసి, గాలి ఆడే చోట పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే తేమ ఆడక వాసన పడుతుంది, పురుగు కూడా పట్టవచ్చు.