వైకల్యం ఉన్న పిల్లలకి ప్రత్యేక పాఠశాలా? మామూలు బడా?
ఒడిశాలోని పర్లాకిమిడిలో స్పెషల్ బీఎడ్ (అలాంటి పిల్లలకి చదువు చెప్పడం నేర్పే కోర్సు) ప్రాక్టీసుకి రెండు చోట్లా పనిచేశాను. ప్రత్యేక పాఠశాలలో తరగతికి ఎనిమిది మందే. చింతగింజలు ఒక్కొక్కటే గిన్నెలో వేస్తూ ఐదు దాకా లెక్కపెట్టడానికి ఒక బాబుకి అరగంట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. కానీ వాళ్ల వీధిలో వాడికి ఒక్క స్నేహితుడూ లేడు.

మామూలు బడిలో గోల ఎక్కువ, టీచరుకి తీరిక తక్కువ. పైగా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాటలే ఆలస్యంగా వచ్చిన పాపకి అది రెండింతల బరువు. అయినా పక్కన కూర్చున్న పిల్ల, ఎవరూ చెప్పకుండానే, దాని వేలు పట్టుకుని పేజీలో బొమ్మ మీద పెట్టి తెలుగులో "ఇదిగో, ఆవు" అంది. వారం రోజులుగా నోరు విప్పని పాప "ఆవు" అంది!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలు ఈ రెండింటిలో ఏదైనా ఎంచుకుని ఉచితంగా చదువుకోవచ్చు. నన్నడిగితే మామూలు బడే, రోజుకో గంటయినా ప్రత్యేక టీచరు దొరికితే. దొరక్కపోతే మాత్రం ప్రత్యేక పాఠశాలకే పంపమంటాను.