స్టాన్లీ నాలుగో నంబరు ఇనుప చిత్రిక

పాత సామాన్ల అంగడిలో తుప్పు పట్టి పడి ఉన్న ఈ చిత్రికను ఇంటికి తెచ్చి, అడుగు భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, బ్లేడుకు సానపట్టి టేకు చెక్క మీద నడిపితే, ఉల్లిపొర వంటి పొట్టు తెగకుండా చుట్టలు తిరుగుతూ వచ్చింది.

దీని రూపకర్త లియోనార్డ్ బెయిలీ అనే అమెరికన్. అమెరికాలోని న్యూ బ్రిటన్ పట్టణంలో 1857లో కొలబద్దలు, రసమట్టాల తయారీ కోసం ఏర్పడిన స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ, 1869లో ఆయన పేటెంట్లను కొనుగోలు చేసింది. అదే ఊళ్లో 1843లో బోల్టులతో మొదలైన స్టాన్లీ వర్క్స్ వేరే సంస్థ. ఒకే ఇంటిపేరు గల ఈ రెండూ 1920లో గాని ఒకటి కాలేదు.

బెయిలీ ప్రతిభంతా బ్లేడు వెనుక ఉన్న చిన్న ఇత్తడి చక్రంలోనే కనిపిస్తుంది. కొయ్య చిత్రికలో బ్లేడును దించాలంటే సుత్తితో తట్టి, చూసి, మళ్లీ తట్టాలి. ఇక్కడ పని ఆపకుండానే వేలితో చక్రాన్ని తిప్పితే చాలు. బరువు వల్ల కొత్తవారికి మణికట్టు నొప్పి పుట్టవచ్చు. పాతది కొనేవారు బ్లేడు బయటికి వచ్చే సందు దగ్గర పగులు ఉన్నదేమో వెలుతురులో తప్పక చూసుకోవాలి, ఎందుకంటే పోత ఇనుము అతకడం కష్టం.