సెమిలిగుడలో ఫోర్క్ సర్వీసు: ఇంట్లోనా, పార్సిల్‌లోనా?

మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సైకిలు బురదలో కూరుకుపోతే రెండూ కలిపి. నాకో చిన్న మందుల షాపు ఉంది. ఆదివారాలూ, షాపు తెరవకముందు వారంలో రెండు పొద్దుళ్ళూ మౌంటెన్ బైక్ తొక్కుతాను. ఇప్పటికి నాలుగేళ్ళయింది. మొదటి రెండేళ్ళు ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపులు మింగే భాగం) సర్వీసు బయటే చేయించాను. తర్వాతి రెండేళ్ళు చాలావరకు మా వరండాలోనే చేసుకున్నాను. రెండు దారుల్లోనూ డబ్బు తగలేశాను కాబట్టి రెండింటి గురించీ చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

డబ్బు మిగులుతుందనే ఇంట్లో మొదలుపెట్టాను. మిగిలింది తక్కువే. కానీ ఇప్పుడు సర్వీసు వేళకి జరుగుతోంది. బయట ఇచ్చిన రెండేళ్ళలో అది ఒక్కసారి కూడా జరగలేదు.

ఫోర్క్ ఎప్పుడూ విప్పి చూడనివాళ్ళకు రెండు ముక్కలు. పైన మెరిసే రెండు గొట్టాలను స్టాంచన్లు అంటారు. అవి కింది కాళ్ళలోకి, అంటే లోవర్స్‌లోకి, జారుతూ లేస్తూ ఉంటాయి. లోవర్స్ మూతి దగ్గర సీలు, దాని కింద ఆయిల్ పీల్చుకుని ఉండే ఫోమ్ రింగు, ఇంకా లోపల స్టాంచన్ ఆనుకుని జారే బుషింగులు. అడుగున కొద్ది మిల్లీలీటర్ల ఆయిల్. ఎడమ కాల్లో గాలి స్ప్రింగు, కుడి కాల్లో డ్యాంపర్. ఆ డ్యాంపర్ లేకపోతే ప్రతి రాయికీ ముందు చక్రం బంతిలా ఎగురుతుంది. ఇప్పుడు నా దగ్గరున్నది 35 మిల్లీమీటర్ల స్టాంచన్లున్న పాత రాక్‌షాక్స్ పైక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోవర్స్ దింపి, కడిగి, ఆయిల్ మార్చడం 50 గంటలకోసారి, డ్యాంపర్, గాలి స్ప్రింగు విప్పే పెద్ద సర్వీసు 200 గంటలకోసారి చెయ్యమని కంపెనీ చెబుతుంది.

50 గంటలంటే బోలెడు టైమనిపిస్తుంది. వారానికి ఆరు గంటలు తొక్కేవాడికి అది ఎనిమిది వారాలు. వానాకాలం నాలుగు నెలల్లోనే రెండు సర్వీసులు వచ్చి పడతాయి. మా పెదనాన్నకి ఈ లెక్క చెబితే "ఏట్రా, నా స్కూటర్‌కి కూడా ఇన్నిసార్లు ఆయిల్ మార్చలేదు" అన్నారు. స్కూటర్ ఆయిల్ మూత బిగించిన ఇంజన్‌లో ఉంటుంది. ఫోర్క్ ఆయిల్‌కీ దేవమాలి కొండ కింద ఎర్రమట్టికీ మధ్య అడ్డు ఒక రబ్బరు పెదవే.

బయట ఇవ్వడమంటే మాకు వైజాగ్. ముందు ఇంట్లో బ్రేకు కాలిపర్ విప్పి, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ తీసి, ఫోర్క్‌ని సైకిలు నుంచి దించాలి. అట్టపెట్టెలో పెట్టి, సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా వెళ్ళే బస్సుకి పార్సిల్ వెయ్యాలి. వైజాగ్‌లో బావమరిది దాన్ని తీసుకుని షాపులో ఇవ్వాలి. మళ్ళీ ఇదంతా వెనక్కి. ఎంత తొందరపెట్టినా రెండు వారాలు. సర్వీసుకి రెండు వేలు, రానూపోనూ పార్సిల్ ఏడెనిమిది వందలు. బావమరిదికి మొహమాటం అదనం.

దాంతో ఏం చేసేవాణ్ణంటే, వాయిదా. వానలు తగ్గాక ఇద్దాం, దసరా అయ్యాక ఇద్దాం, ఈ ఆదివారం కుందులి వైపు రైడ్ ఉంది కదా, అది అయ్యాక ఇద్దాం. నా మొదటి ఫోర్క్ అలా పద్నాలుగు నెలలు తిరిగింది. ఒకరోజు సైకిలు తుడుస్తుంటే కుడి స్టాంచన్ వెనకవైపు నల్ల పూత పోయి, బొటనవేలి పొడవున వెండి రంగు గీత కనిపించింది. గోరు పెట్టి లాగితే తగిలింది. సీలు కింద చేరిన ఎర్రమట్టి ఇసుక కాగితంలా పని చేసిందన్నమాట. పూత పోయిన స్టాంచన్‌కి మందు లేదు. పైభాగం మొత్తం మార్చాలి, దాని ధర దాదాపు కొత్త ఫోర్క్ ధర. ఆ ఫోర్క్ ఇప్పుడు అటక మీద ఉంది.

పైక్ కొన్నాక కూడా బుద్ధి రాలేదు, మొదటి సర్వీసు మళ్ళీ వైజాగ్‌కే పంపాను. పైకి అద్దంలా వచ్చింది. స్టికర్ కూడా తుడిచి పంపారు. తర్వాత మూడు వారాలు తొక్కానో లేదో, ఏదో అనుమానం వచ్చి మొదటిసారి నేనే విప్పాను. రెండు కాళ్ళూ కలిపి చెంచాడు ఆయిల్ కూడా కారలేదు. ఫోమ్ రింగులు ఎండిన స్పాంజిలా ఉన్నాయి. సీలు బయట గ్రీజు పూసి పంపేశారని నా అనుమానం, చూసినవాణ్ణి కాదు కాబట్టి అంతకంటే అనను. ప్రొఫెషనల్‌కి ఇచ్చినప్పుడు కొనేది నమ్మకం, దాన్ని పరీక్షించాలంటే మళ్ళీ మనమే విప్పాలి. విప్పడం వచ్చినవాడికి ఇక పార్సిల్ ఎందుకు?

ఇంకో చిన్న సంగతి. వైజాగ్ సముద్రమట్టంలో ఉంది, మేం 900 మీటర్ల చుట్టుపక్కల ఉన్నాం. అక్కడ బిగించిన లోవర్స్‌లో అక్కడి గాలి చిక్కుకుని ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి బయటి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. లోపలి గాలి సీళ్ళని బయటికి నెడుతూ ఉంటుంది, చిన్న చిన్న రాళ్ళ మీద ఫోర్క్ కాస్త మొరాయించినట్టు అనిపిస్తుంది. అంచులు నునుపు చేసిన సన్నని జిప్ టై ఒకటి సీలుకీ స్టాంచన్‌కీ మధ్య మెల్లగా దూరిస్తే "స్స్" అని ఆ గాలి పోతుంది. పెద్ద తేడా అని చెప్పను. కానీ ఆ చప్పుడు విన్నాక నాకు ఫోర్క్ అంటే భయం పోయింది.

ఇంట్లో మొదటి సర్వీసుకి మొత్తం ఆదివారం పట్టింది. మందుల షాపు కాబట్టి సిరంజిలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చేతి గ్లవ్స్ అన్నీ చేతికందేవే, నా అదృష్టం. మిగతావి తెప్పించుకున్నాను: షాక్ పంపు, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్, సస్పెన్షన్ గ్రీజు, సీళ్ళ కిట్. అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటాయి. ఫోర్క్ మీదున్న సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొడితే అది ఏ మోడలో తెలుస్తుంది, మాన్యువల్ కూడా దొరుకుతుంది. ఏ కాల్లో ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలో మోడల్‌ని బట్టి మారుతుంది, కాబట్టి నా అంకె ఇక్కడ రాయడం లేదు.

గాలి స్ప్రింగులో గాలి ఎంతుందో కాగితం మీద రాసుకుని, మొత్తం వదిలేశాను. ఇది మర్చిపోతే మిగతా పని ప్రమాదం. అడుగున రీబౌండ్ నాబ్ (ఫోర్క్ తిరిగి లేచే వేగం మార్చేది) తీసి, రెండు బోల్టులూ మూడు నాలుగు చుట్లు మాత్రం వదులు చేశాను. పూర్తిగా తీయకూడదు. అలెన్ కీ బోల్టులోనే ఉంచి రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి రాడ్ "టక్" మని లోవర్స్ నుంచి విడిపోతుంది. అప్పుడు బోల్టు తీస్తే ఆయిల్ కారుతుంది. మా ఆవిడ పప్పు కడిగే స్టీలు గిన్నె పెట్టాను (ఇప్పుడది నా గిన్నె). రెండోసారి విప్పినప్పుడు అందులో పడింది ఆయిల్‌లా లేదు, పాల టీలా ఉంది. నీళ్ళూ ఆయిలూ చిలికినట్టు కలిసిపోతే అలా అవుతుంది. వెంటనే అర్థమైంది: అంతకుముందు రెండు ఆదివారాలు బురద వదలడం లేదని బైకుల వాటర్ సర్వీసు దగ్గర ప్రెషర్‌తో కడిగించాను. ఆ నీటి ధార సీలుని దాటి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి మగ్గు, బ్రష్షు, అంతే.

సీలు పీకడంలో పెద్ద తప్పు చేశాను. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నాను. సీలు వచ్చింది, దాంతోపాటు సీలు కూర్చునే అంచు మీద ఒక గాటు కూడా. సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి కూర్చోబెట్టాను, ఇప్పటికీ ఆ వైపు కాస్త చెమర్చినట్టు ఉంటుంది. అక్కడ వాడాల్సింది మొండి అంచున్న టైర్ లివర్, దాని కింద గుడ్డ మడత. కొత్త సీలు తిన్నగా దిగడానికి మాత్రం మంచి ఉపాయం దొరికింది: సీలుని హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్ళి, దాని బయటి అంచుకి సరిపోయే పీవీసీ పైపు కప్లింగ్ వెతికి తెచ్చాను. షాపాయన "ఇంత చిన్న ట్యాంకా మీది?" అని అడిగాడు.

రెండో తప్పు ఇంకా ఖరీదైంది. అడుగు బోల్టుల కింద ఒకసారి నలిగి కూర్చునే మెత్తని వాషర్లుంటాయి. పాతవే పెట్టి, చేతి అంచనాతో బిగించాను. ఎడమ కాలు కింద ఆయిల్ చెమ్మ మొదలైంది. ఎడమ కాలు పక్కనే బ్రేకు డిస్కు ఉంటుంది. పొట్టంగి వైపు దిగుతుంటే ముందు బ్రేకు ఏనుగులా ఘీంకరించింది, బండి మాత్రం ఆగలేదు. వెనక బ్రేకుతో, కాళ్ళతో ఎలాగో ఆపాను. డిస్కు ఆల్కహాల్‌తో తుడిస్తే బాగుపడింది, ప్యాడ్లు పారేశాను. పెదనాన్న సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. సంగతి విని లోపల్నుంచి టార్క్ రెంచి తెచ్చి ఇచ్చారు. "చేతికి తెలీదురా, రెంచికి తెలుస్తాది." మాన్యువల్ అడిగేది ఏడు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. నేను అంతకుముందు ఎంత బిగించానో ఆయనకి చెప్పలేదు.

ఆ తర్వాత ఇప్పటికి తొమ్మిది సార్లు చేశాను. ఇప్పుడు గంటన్నర పని. సీళ్ళు ప్రతిసారీ మార్చను, ఫోమ్ రింగులు కడిగి, పిండి, కొత్త ఆయిల్‌లో నానబెట్టి పెడతాను. కిట్ ఏడాదికొకటి. వాషర్లు మాత్రం ప్రతిసారీ కొత్తవే. అలా ఒక్కోసారికి రెండు వందల లోపే పడుతుంది. బయట ఇస్తే మునుపు ఇచ్చినన్నిసార్లే ఇచ్చేవాణ్ణి అనుకుంటే, కొన్న సామాన్ల ఖర్చు ఈ మధ్యే తీరినట్టుంది, ప్యాడ్ల డబ్బు, పాడైన సీళ్ళ డబ్బు కలిపితే ఇంకా తీరలేదేమో. నేను లెక్క ఆపేశాను. లోవర్స్ దింపిన ప్రతిసారీ స్టాంచన్లు టార్చి వేసి చూస్తాను. రెండేళ్ళలో ఒక్క గీత లేదు.

చుట్టుపక్కల వినిపించే సలహాలు రెండున్నాయి. సీలు దగ్గర డబ్ల్యూడీ-40 కొట్టమంటారు. ఆ పూటకి జారుడు బాగుంటుంది, తర్వాత లోపలి గ్రీజుని కరిగించి తీసుకుపోతుంది. బేరింగులకి వాడే మామూలు లిథియం గ్రీజు పెట్టమంటారు. అది చిక్కన, చలికాలం పొద్దున్నే మా ఊళ్ళో ఫోర్క్ నిద్ర లేవదు. రెండూ చేసి చూశాను.

ఇక డ్యాంపర్ జోలికి నేను పోను. నా పైక్‌లోని పాత ఛార్జర్ డ్యాంపర్ లోపల ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. దాన్ని విప్పి, ఆయిల్ నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా తియ్యాలి. ఆ ఆయిల్ వేరు, లోవర్స్‌లో పోసే ఆయిల్ వేరు. వీడియోలు చూశాను, పనిముట్ల జాబితా రాసుకున్నాను, జాబితా చింపేశాను. ఎనిమిది నెలలకోసారి వచ్చే పనికి అన్ని సామాన్లు కొని, మధ్యలో మర్చిపోయి, మళ్ళీ నేర్చుకోవడం నా వల్ల కాదు. అది బెంగళూరులో సస్పెన్షన్ పని మాత్రమే చేసే ఒకాయనకి పంపుతాను. ఎత్తు కూడా దాదాపు మా ఊరి ఎత్తే, జిప్ టై పని లేదు. మొదటిసారి ఆరున్నర వేలు తీసుకున్నారు. ఎక్కువే అనిపించింది, ఫోర్క్ తిరిగొచ్చాక రాళ్ళ దారిలో పది నిమిషాలు దిగేదాకా. మెట్టు దిగాక ముందు చక్రం ఒక్కసారే లేచి, నేల మీద కూర్చుంది. అంతకుముందు రెండుసార్లు ఊగేది, అది నాకు అలవాటైపోయి ఫోర్క్ స్వభావం అనుకున్నాను. ఆయన ఇంకోటి కూడా పట్టుకున్నారు: కుడి కాల్లో పై బుషింగు అరిగి స్టాంచన్ సన్నగా కదులుతోందని. నేను ఎన్నిసార్లు విప్పినా అది నా వేళ్ళకి తగల్లేదు. బుషింగు తీసి, కొత్తది దింపి, సైజుకి తేవడానికి ప్రత్యేకం పనిముట్లు కావాలి, అవి ఉన్నచోటే చేయించాలి.

వైజాగ్‌లోనో బెంగళూరులోనో ఉండి, నమ్మకమైన మెకానిక్ పది నిమిషాల దూరంలో ఉంటే నేను ఇదంతా నేర్చుకునేవాణ్ణి కాదు, హాయిగా ఇచ్చేసేవాణ్ణి. కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు తొక్కేవాళ్ళు మాత్రం లోవర్స్ వరకు నేర్చుకోండి. సీళ్ళ కిట్ వానలకి ముందే తెప్పించి పెట్టుకోండి. జులైలో ఆర్డరిస్తే ఆగస్టు చివరికి వచ్చిన అనుభవం ఉంది. తొక్కిన గంటలు రాసుకోండి, నేను షాపు క్యాలెండర్ మీద గీతలు పెడతాను. పోయిన సర్వీసు నుంచి ఇప్పటికి గీతలు నలభై ఆరు.

గిన్నెలో పడ్డ పాత ఆయిల్ డబ్బాలో పోసి ఉంచుతాను, పెదనాన్న గేటు కీళ్ళకి తీసుకెళతారు. ఈసారి ఆలస్యమైందని మొన్న ఫోన్ చేసి అడిగారు.