దాళ్వా చలిలో ఏది మేలు: నారుమడా, డ్రమ్ సీడరా?

సార్వా (వానాకాలం వరి) కోతలు ఆలస్యమైన ఏడాది, దాళ్వా (చలికాలంలో వేసే రెండో వరి) వేళకి మా కోనసీమలో ఏ గట్టు మీద నిలబడినా ఇదే చర్చ. నారు పోసి ఊడ్చాలా (నాటాలా), మొలక గింజల్ని నేరుగా చేలో వరసలుగా రాల్చే చిల్లుల డబ్బాల పరికరం డ్రమ్ సీడర్‌ లాగించాలా? చాలామంది కూలీల ఖర్చు చూసి తేల్చేస్తారు. నేనైతే ముందు రాత్రి చలిని చూడమంటాను.

వరి గింజ మొలకెత్తడానికి 30 డిగ్రీల దరిదాపు వేడి బాగా నప్పుతుంది. 10 డిగ్రీలకు దిగితే మొలక దాదాపు ఆగిపోతుంది. మన డెల్టాలో అంత చలి ఉండదు గానీ, డిసెంబరు చివర రాత్రులు 20 డిగ్రీల కిందికి వస్తాయి. ఆ చలికి గింజ చావదు, మందగిస్తుంది. చల్లగా ఉన్నా నీళ్ళు పీల్చుకుంటుంది. లోపలి పిండిని చక్కెరగా మార్చి మొలకకు అందించే ఎంజైములు మాత్రం వేడి ఉంటేనే చురుగ్గా పనిచేస్తాయి. ఉబ్బిపోయి బురదలో ఊరికే పడి ఉన్న ఆ రోజుల్లోనే గింజ కుళ్ళుకూ, పిట్టలకూ దొరికిపోతుంది.

అందుకే మండె దగ్గర, అంటే నానిన విత్తనాన్ని కప్పి మొలకెత్తించే దగ్గర, ఓపిక పట్టాలి. 24 గంటలు నానబెట్టి గోతాల్లో మండె కడితే, గింజలు ఊపిరి తీసే వేడితోనే మండె వెచ్చబడుతుంది. వేసవిలో ఒక్క రోజుకే ముక్కు పగిలే (మొలక కొస బయటపడే) విత్తనానికి చలిలో రెండో రోజూ కావాలి. గడ్డి దళసరిగా కప్పాలి, ఆరితే గోరువెచ్చని నీళ్ళు చల్లాలి. మా నాన్నగారు మండె నడుమకి చెయ్యి పెట్టి చూసేవారు. నడుమ కాలిపోతూ అంచులు చల్లగా ఉంటే తిరగెయ్యమనేవారు. వేడి 45 డిగ్రీలు దాటిందా, నడుమ ఉన్న మొలక చచ్చిపోయినట్టే.

ఇక్కడే రెండు పద్ధతులకూ తేడా మొదలవుతుంది. నారుమడికైతే మొలక కాస్త సాగినా పర్వాలేదు. డ్రమ్ముకు ముక్కు పగిలిన గింజే కావాలి, పొడుగైతే మొలకలు చిక్కుకుని రంధ్రాల్లోంచి రాలవు. అంటే చలిని తట్టుకోవాల్సిన గింజే తక్కువ బలంతో చేలో పడుతుంది. పైగా డ్రమ్ సీడర్‌ వేసిన చేలో మొదట్లో నీరు నిలవకూడదు. గాలి అందకపోతే మొలక ఆకు సాగుతుంది గానీ వేరు దిగదు, చివరికి తేలిపోతుంది. నీరు తీసేస్తే ఆ పలచని బురద తెల్లవారుజాముకు చల్లబడిపోతుంది.

నారుమడిలోనూ ఈ ఇబ్బంది ఉంది. కాకపోతే ఎకరానికి సరిపడే నారుమడి 5 సెంట్లు. రాత్రి పాలిథిన్ పట్టా కప్పి పొద్దున్నే తీసేయొచ్చు. నారు పచ్చబడ్డాక సాయంత్రం నీరు పెట్టి, చల్లబడ్డ ఆ నీటిని ఉదయం తీసేసి కొత్త నీరు పెట్టొచ్చు. ఆకులు పాలిపోయి జింకు లోపం కనబడితే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టొచ్చు. 5 సెంట్లకు చేయగలిగిన ఈ కాపలా ఎకరానికి ఎవరు చేయగలరు?

ఇంకో మాట. సార్వా చేను కోతకు రాకముందే మెరక మూలన నారు పోసుకోవచ్చు. విత్తనానికి నవంబరు వెచ్చదనం దొరుకుతుంది.

డ్రమ్ సీడర్‌ను తీసిపారేయను. ఎకరానికి 10 నుంచి 15 కిలోల విత్తనం చాలు, ఊడ్పు ఖర్చు లేదు, పంట వారం పది రోజులు ముందొస్తుంది. ఆ పది రోజుల ఆశతోనే ఆలస్యమైన ఏడాది అందరం దానివైపు పోతాం. సరిగ్గా అప్పుడే చలి ముదిరి ఉంటుంది. ఒకసారి జనవరి మొదటి వారంలో అలాగే వేశాను. పల్లంలో మొలక లేవలేదు, కలుపు మాత్రం లేచింది. ఒత్తుగా ఉన్నచోట పీకి ఖాళీల్లో నాటేసరికి ఊడ్పు లేక మిగిలిన కూలీ డబ్బు కాస్తా ఖర్చయిపోయింది. ఆలస్యానికి ఇంకో దెబ్బ కూడా ఉంది. పూత వేళకి పగటి వేడి 35 డిగ్రీలు దాటితే తాలు (గింజ పట్టని పొల్లు) పెరుగుతుంది.

నవంబరు ఆఖరుకి చేను ఖాళీ అయి, దమ్ము (నీళ్ళు పెట్టి బురదగా దున్నడం) సమంగా కుదిరితే డ్రమ్ సీడరే వేస్తాను. డిసెంబరు సగం దాటేలా ఉంటే ముందే పోసుకున్న నారే ఊడుస్తాను. కాలువ నీళ్ళు ఆపేసేలోగా ఆఖరి తడి అందుతుందో లేదోనని టెన్షన్ పడే, కాలువ చివరనున్న శివారు చేలకైతే, కోతకు ముందే ఓ మూల నారుమడి సిద్ధం చేసుకోమనే చెబుతాను.