కొత్త బ్యాటరీ కొనే ముందు విజయవాడ ఆటోనగర్‌లోని ఈ కొట్టుకి వెళ్లండి

మాది 1997 మారుతి 800, కార్బురేటర్ బండి. నాన్న కొన్న మొదటి కారు, అమ్మబుద్ధి కాదు. ఇంజిన్ ఆయిల్ తాగేస్తుంటే ఇంకో 800లోంచి తీసిన ఇంజిన్ ఎక్కించాం. (ఇంజిన్ నంబరు మారితే ఆర్‌సీలోనూ మార్పించుకోవాలి, మర్చిపోకండి.)

ఆ రోజు నుంచే తిప్పలు. తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కోసారి నీరసంగా తిరిగేది, ఒక్కోసారి 'టక్' మని ఊరుకునేది. ఇంజిన్ ఎక్కించిన షెడ్డువాళ్లు బ్యాటరీ పోయిందన్నారు. 3,600 పెట్టి కొత్తది వేయించాను. మారలేదు. సెల్ఫ్ మోటార్ అన్నారు. విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చారు, 1,400. అయినా అంతే. కంకిపాడు సంతలో నలుగురి చేత తోయించుకుని ఇంటికొచ్చిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి ఒక లారీ డ్రైవరు చెబితే ఆటోనగర్‌లో ఈ ఎలక్ట్రీషియన్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. బోర్డు లేని రేకుల షెడ్డు, బల్ల మీద వరసగా డైనమోలు. నా కథంతా విని ఒక్కటే అడిగాడు: "స్టార్ట్ చేసేటప్పుడు కాలిన వాసన ఏమన్నా వస్తోందా బాబూ?" వస్తోంది! అదెవరూ అడగలేదు నన్ను.

బానెట్ ఎత్తి, నన్ను సెల్ఫ్ కొట్టమని, తర్వాత క్లచ్ కేబుల్ మీద చెయ్యి పెట్టమన్నాడు. చురుక్కుమంది. మల్టీమీటర్ తీసి ఒక వైరు బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాకుకి ఆనించి మళ్లీ కొట్టమన్నాడు. 4.2 వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా దాటకూడదట అక్కడ. జంపర్ కేబుల్‌తో బ్లాకునీ బ్యాటరీ మైనస్‌నీ నేరుగా కలిపాడు. సెల్ఫ్ గిర్రున తిరిగి బండి అందుకుంది.

విషయమేంటంటే, ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకే గేరుబాక్సు నుంచి బాడీకి ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. ఇంజిన్ దించినప్పుడు అది ఊడదీసి, తిరిగి బిగించలేదు. సెల్ఫ్ లాగే కరెంటంతా తిరిగి వెళ్లడానికి దారిలేక క్లచ్ కేబుల్ మీదుగా పోతోంది. బాబాయ్ బోల్టు దగ్గర పెయింటు ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ బిగించాడు. మళ్లీ మీటరు పెడితే 0.15.

నేను డబ్బులు తీయబోతుంటే ఆపాడు. తాళం తిప్పితే చార్జింగ్ లైటు వెలగడం లేదని ఆయనే గమనించాడు. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో వెనక సన్న వైరు సాకెట్లోనే తెగి ఉంది. అది అతికాక ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 12.4 నుంచి 14.1కి వచ్చింది. ఇది చూడకపోతే వారంలో కొత్త బ్యాటరీ కూడా పడుకునేది.

పట్టీ, లేబర్ అన్నీ కలిపి 650. నమ్మలేక మళ్లీ అడిగాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ ఎత్తడు. ముందు లారీలు ఉంటే మీ వంతు వచ్చేదాకా ఎండలో నిలబడాల్సిందే, నాకు మూడు గంటలు పట్టింది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తాడు. ఆదివారం ఉండడు. అయినా నా ఓటు ఐదుకి ఐదు.

కాలిన క్లచ్ కేబుల్ గట్టిపడిపోయింది, మార్చేయమన్నాడు. ఈ శనివారం దానికోసమే మళ్లీ వెళ్తున్నాను.